తోడు నూనె

నేను కంప్రెసర్ల మెకానిక్కుని. పని మానేసి కొంతకాలమైంది. అమలాపురంలో నా షెడ్డు ఉన్న చోట ఇప్పుడు సెల్‌ఫోను కవర్లు అమ్ముతున్నారు. టైర్ల షాపుల్లో, రైసు మిల్లుల్లో, కొబ్బరి పీచు ఫ్యాక్టరీల్లో గాలి కొట్టే మెషిన్లు విప్పడం, బిగించడం తప్ప నేను వేరే పని చెయ్యలేదు. నా గురించి మీరు ఏం విన్నారో నాకు తెలుసు. ప్రభాకరం పనివాడే కానీ నోరు మంచిది కాదు, పట్టుకుంటే వదలడు, ఎప్పుడో అన్న మాట ఇప్పటికీ మోస్తూ తిరుగుతాడు అని. నిజమే. మాట అన్నవాళ్ళు ఆ సాయంత్రానికే మర్చిపోయి హాయిగా భోంచేస్తారు. ఎవరో ఒకరు గుర్తుపెట్టుకోవాలి కదా.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. బేరింగు ఎలా ఊడదియ్యాలో, వాల్వు ప్లేటు ఎలా అరగదియ్యాలో మీకు ఐ.టి.ఐ.లో చెప్పే ఉంటారు. నేను చెప్పేది నూనె గురించి. పాత కంప్రెసరు ఒకటి కొంటారు. విప్పి బాగుచేస్తారు. అందులో ఇదివరకు వాడిన నూనె తీసేసి వేరే రకం పోస్తారు. చెప్పుకోడానికి ఇంతే పని. ఈ పనిలో జరిగిన ఒక తప్పు వల్ల ఒక మనిషి కళ్ళు పోయాయి. పైగా ఆ తప్పు అతనిదే అన్నారు.

నూనెలు కలవకపోవడం

ముడి చమురు నుంచి తీసేది మినరల్ ఆయిలు. ఫ్యాక్టరీలో తయారుచేసేది సింథటిక్. సింథటిక్‌లోనూ రకాలున్నాయి. కొన్ని మినరల్‌తో బాగానే కలుస్తాయి. గ్లైకాల్ రకం మాత్రం కలవదు. రెండూ ఒకచోట చేరితే మొదట మసకబారుతుంది, తర్వాత చిక్కబడుతుంది, ఆఖరికి జిగురులా తయారై సన్నటి దారులన్నిట్లోనూ పేరుకుంటుంది. రంగు చూసి ఏది ఏ రకమో చెప్పలేం. చెప్పగలను అన్నవాణ్ణి నమ్మకండి.

అందుకని పాత మెషిను వచ్చినప్పుడు, అందులో ఉన్న నూనె కొంచెం, పొయ్యబోయే నూనె కొంచెం ఒక గాజు సీసాలో పోసి బాగా కలపండి. వేడినీళ్ళ గిన్నెలో ఉంచండి. మర్నాడు చూడండి. తేటగా ఉంటే సరే. మబ్బుగా ఉన్నా, అడుగున మడ్డి కట్టినా మీకు చాలా పని ఉందని అర్థం. పాత నూనె వేడిగా ఉండగానే దింపాలి. కూలరు విప్పాలి, గొట్టాలన్నీ విప్పాలి, ట్యాంకు అడుగు చేత్తో తుడవాలి. రబ్బరు సీళ్ళన్నీ కొత్తవి వెయ్యాలి. ఒక నూనెలో ఉబ్బిన రబ్బరు ఇంకో నూనెలో ముడుచుకుపోయి కారుతుంది. కొత్త నూనె పోసి కాసేపు తిప్పి, దాన్నీ పారబోసి, మళ్ళీ పోసి, మళ్ళీ దింపాలి. పోసిన నూనె ఎలా ఉందో దిగిన నూనె అలా కనబడేదాకా చెయ్యాలి. మన వైపు ఏది తుడవాలన్నా కొబ్బరి పీచు అందుకుంటారు. మెషిను లోపలికి పీచు తగలనివ్వకండి. ఒక్క పోగు చాలు, నూనె కన్నం మూసుకుపోడానికి.

ఇదంతా చేస్తుంటే మీ ఓనరు ఊరుకోడు. నేను రాజమండ్రిలో పని నేర్చుకున్న షాపు ఓనరూ ఊరుకోలేదు. షాపు నిండా కస్టమర్లు ఉండగా అరిచాడు.

"ఒరేయ్ ప్రభాకరం! నూనె మార్చమంటే మెషినుకి తలంటు పోస్తున్నావేంట్రా? సాంబ్రాణి కూడా తెప్పించమంటావా?"

అందరూ నవ్వారు. మెషిను నా చేతుల్లోంచి లాక్కుని, లోపల నల్లగా పేరుకున్న మసి అలాగే ఉండగా పైన కొత్త సింథటిక్ నూనె పోయించి రాజోలు పంపించేశాడు. అది ఒక టైర్ల షాపు మెషిను. కొత్త నూనె ఆ పాత మసిని కరిగించి పెచ్చులు పెచ్చులుగా ఊడగొట్టింది. పెచ్చులు నూనె దారికి అడ్డం పడి షాఫ్టు పట్టేసింది. టైర్ల షాపాయన దాన్ని ఆటోలో వేసుకుని మళ్ళీ వచ్చాడు. మా ఓనరు నా వైపు వేలు చూపించాడు. "ఇదిగో, వీడు చేసేడండి."

ఆ ఓనరు పోయాడని కబురొచ్చినప్పుడు షెడ్డులో పని చూసుకుంటూ ఉండిపోయాను. వెళ్ళలేదు.

మందుల ఫ్యాక్టరీ మెషిను

కొత్తపేట దగ్గర కాలవ గట్టు మీద ఒక రైసు మిల్లు ఉంది. ఓనరు నాగేశ్వర్రావు గారు. అంత మర్యాదగా మాట్లాడే మనిషి మీకు దొరకడు. కూలివాణ్ణి కూడా అండీ అంటారు. ఆయన మిల్లులో బియ్యంలోంచి నల్ల గింజల్ని ఏరే మెషిను ఉంది. గింజ నల్లగా కనబడగానే గాలి పఫ్‌మని ఊది దాన్ని పక్కకి నెట్టేస్తుంది. కంప్రెసరు ఆగిందంటే ఆ మెషిను ఆగుతుంది, బియ్యం లారీ ఎక్కదు. పాత కంప్రెసరు పనికిరాకుండా పోతే, విశాఖపట్నంలో మూతపడ్డ మందుల ఫ్యాక్టరీ నుంచి వాడిన స్క్రూ కంప్రెసరు ఒకటి కొనుక్కొచ్చారు. ఓవరాలింగుకి నన్ను పిలిచారు.

ఆ మిల్లులో మెషిన్లన్నీ చూసుకునేవాడు సూరిబాబు. ముక్తేశ్వరం నుంచి రోజూ సైకిలు మీద వచ్చేవాడు. ఒకప్పుడు నా దగ్గరే పని నేర్చుకున్నాడు. నన్ను బాబాయిగారు అంటాడు. పెద్ద తెలివైనవాడని చెప్పను. కానీ ఒకసారి చెప్పింది చెప్పినట్టు చేస్తాడు, తన సొంత తెలివి కలపడు. మెషిను దగ్గర ఉండే మనిషికి అంతకన్నా మంచి గుణం నేను చూడలేదు.

సీసాలో వేసి చూశాను. మెషినులో ఉన్నది గ్లైకాల్ రకం. నాగేశ్వర్రావు గారితో విడమరిచి చెప్పాను. "ఈ రకమే కావాలంటే ఎప్పటికీ ఇదే తెప్పించుకోవాలండి. మినరల్ కావాలంటే లోపలంతా కడిగి మార్చేస్తాను. రెండూ మాత్రం కలవకూడదు."

"మనకి ఊళ్ళో దొరికేదే కానివ్వండి ప్రభాకరం గారూ. దాని కోసం ఎక్కడికని తిరుగుతాం."

అది తప్పు నిర్ణయం కాదు. నేనూ అదే చేసేవాణ్ణి. పైన చెప్పినట్టే అంతా విప్పి, కడిగి, సీళ్ళు మార్చి, తిప్పి, దింపాను. పాత నూనె ఒక తెల్ల డబ్బాలోకి పట్టి మూల పెట్టాను. "ఇది బయట పారబోయించెయ్యండి" అన్నాను.

"ఆయ్, అలాగేనండి" అన్నారు.

మన వైపు ఆయ్ అంటే విన్నాను అని అర్థం, చేస్తాను అని కాదు. అన్నేళ్ళు ఇక్కడే బతికినవాణ్ణి, నాకు తెలియదా? తెలుసు. కానీ ఇంకొకరి మిల్లులో ఇంకొకరి డబ్బా ఎత్తుకుపోయే అలవాటు నాకు లేదు.

తోడు

నాగేశ్వర్రావు గారి ఇంట్లో బియ్యం డబ్బా అడుగంటా ఖాళీ చెయ్యరు. గుప్పెడు ఉంచి దాని మీద కొత్త బియ్యం పోస్తారు. చాలా ఇళ్ళలో ఉన్నదే. వాళ్ళు దాన్ని మిల్లులోకి కూడా తెచ్చుకున్నారు. ఆయన తాతగారు ఆయిలింజను పెట్టి వడ్లు ఆడించిన రోజుల నుంచీ, ఏ మెషిను విప్పి బాగుచేసినా దాని పాత నూనె ఒక చెంబుడు ముందు పోసి, ఆ పైన కొత్తది పోస్తారు. దాన్ని తోడు అంటారు, పాలు తోడుపెట్టినట్టు. ఇంటి పెద్దావిడ చేత్తో పోయిస్తారు. ఒకే రకం నూనె వాడినన్నాళ్ళూ దీనివల్ల ఏ నష్టమూ లేదు. అందుకే అన్నేళ్ళూ నడిచింది. ఎవరూ ప్రశ్నించలేదు. ఈ సంగతి నాతో ఎవరూ చెప్పలేదు కూడా.

ముహూర్తం రోజు మెషినుకి పసుపు రాసి, బంతిపూల దండ వేశారు. నూనె పోసే వేళకి నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఫోటోలు తీస్తున్న ఎవరో చుట్టం నా భుజం మీద చెయ్యి వేశాడు.

"మేస్త్రి గారూ, కాస్త పక్కకి జరుగుతారేంటి? ఫోటోలో పడిపోతన్నారు."

ఆ మెషినులో నా చెయ్యి పడని మర లేదు. ఫోటోలో నేను పడకూడదు. సరే అని ఊక గుట్ట దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. వాళ్ళే పిలిచారు కాసేపటికి. కొత్త నూనె డబ్బాలు పక్కన ఖాళీగా ఉన్నాయి. నూనె గీత దాకా ఉంది.

"అమ్మ చేత్తో పోయించేసేనండి. ఇంక మీదే ఆలస్యం" అన్నారు నాగేశ్వర్రావు గారు.

వాళ్ళమ్మగారు సుభద్రమ్మ గారు నాకు తాంబూలం ఇచ్చి, "నీ చెయ్యి చల్లనిది నాయనా" అన్నారు. స్టార్ట్ చేశాను. చక్కగా నడిచింది. ఆ శబ్దం విని సంతోషపడ్డానని కూడా చెప్పాలి.

"సీజను అయ్యేక"

రెండో పంట, దాళ్వా ధాన్యం మిల్లుకు రావడం మొదలయ్యాక ఫోను వచ్చింది. మెషిను వేడెక్కి దానంతట అదే ఆగిపోతోందన్నారు. వెళ్ళాను. కొంచెం నూనె తీసి వెలుతురులో పెట్టి చూస్తే కుడితినీళ్ళలా ఉంది.

"ఇందులో ఏం కలిపేరండీ?" అని అడిగాను.

"మేం కలపడవేంటండీ! మీరు పోయించిందే కదా అది" అన్నారు నాగేశ్వర్రావు గారు.

సూరిబాబు నేల చూపులు చూస్తున్నాడు. బయటికి వచ్చి సైకిలు స్టాండు దగ్గర నిలదీశాను.

"పెద్దమ్మగారు తోడు పోసేరు కదండీ బాబాయిగారూ. ఆ తెల్ల డబ్బాలోదేనండి. ఆ డబ్బా ఇంకా ఉంచేరండి. నూనె తగ్గినప్పుడల్లా ముందు అందులోది ఓ గరిటెడు పోసి, అప్పుడు కొత్తది పొయ్యమన్నారండి."

"నువ్వు పోశావా?"

"పొయ్యమంటే పొయ్యనేంటండీ? మీరు పోస్తారా ఆళ్ళు వద్దంటే?"

వెనక్కి వెళ్ళి నాగేశ్వర్రావు గారికి చెప్పాను. "మెషిను ఇప్పుడే ఆపెయ్యండి. అంతా విప్పి మళ్ళీ కడగాలి. లోపల జిగురు కట్టేస్తోంది. ఇవాళ వేడెక్కి ఆగుతోంది, రేపు ఏ దారి మూసుకుపోతుందో ఎవరూ చెప్పలేరు."

ఆయన నవ్వారు. "ఓ చెంబుడు నూనెకి ఇంత కథ ఉందాండీ? సీజను అయ్యేక చూద్దాం లెండి. మీకూ అప్పటికి పని ఉండాలి కదా మరి."

పక్కనున్న గుమస్తా కూడా నవ్వాడు. నాకు పని లేక కథలు అల్లుతున్నానని. అంత మెత్తగా చెప్పుతో కొట్టడం నాగేశ్వర్రావు గారికే చేతనవును. నేను స్పానర్లు సర్దుకున్నాను. వెళ్ళేముందు సూరిబాబుని పిలిచి చెప్పాను. "నూనె చూడాల్సి వస్తే మెషిను ఆపు. ట్యాంకు గాలి గేజీలో ముల్లు సున్నాకి వచ్చేదాకా నూనె మూత ముట్టుకోకు. వచ్చాక కూడా కాసేపు ఆగు."

"ఆయ్ బాబాయిగారూ."

వాడు ఆయ్ అంటే చేస్తాడు.

మూత

తర్వాత జరిగింది నేను చూడలేదు. సూరిబాబు చెప్పింది, అక్కడ బస్తాలు మోసే ఇద్దరు చెప్పింది కలిపి రాస్తున్నాను. ముగ్గురు చెప్పిందీ ఒక్కటే.

ఆ పొద్దున గేటు బయట లారీ ఉంది. కంప్రెసరు నాగేశ్వర్రావు గారే బటను నొక్కి స్టార్ట్ చేశారు. సూరిబాబు అప్పుడు వడ్లు ఆరబెట్టే డ్రయ్యరు దగ్గర ఉన్నాడు. మెషిను కాసేపు తిరిగి, వేడెక్కి ఆగిపోయింది. "ఒరే సూరీ, నూనె చూడరా తొందరగా" అని, అండీ మర్చిపోయి కేక వేశారు. సూరిబాబు వచ్చేసరికి మెషిను ఆగి ఉంది. ముల్లు చూశాడు. సున్నా మీద ఉంది. అయినా నేను చెప్పినట్టు ఆగాడు. "ఏంట్రా, దణ్ణం పెడుతున్నావా దానికి" అని మళ్ళీ కేక. మూత మర తిప్పాడు. మర వదిలేసరికి మూత ఎగిరిపోయి, సలసలా కాగిన నూనె మొహం మీద, చేతుల మీద కొట్టింది.

స్క్రూ కంప్రెసర్లో నూనె ఉండేదీ, గాలి నిండేదీ ఒకే ట్యాంకు. మెషిను ఆగగానే ఆ గాలిని బయటికి వదిలేసే ఒక చిన్న దారి ఉంటుంది. దాన్ని జిగురు మూసేసింది. గేజీకి వెళ్ళే గొట్టం చిటికెన వేలంత లావు కూడా ఉండదు. రాత్రి మెషిను ఆగి, ట్యాంకులో గాలి లేక ముల్లు సున్నా మీద ఉన్నప్పుడు, ఆ గొట్టంలో జిగురు చల్లారి గట్టిపడింది. పొద్దున మెషిను తిరిగినా ముల్లు లేవలేదు. స్టార్ట్ చేసినాయన ముల్లు వైపు చూడలేదు. చూడవలసినవాడు అక్కడ లేడు. వాడు వచ్చేసరికి ఆ ముల్లు సున్నా చూపిస్తోంది, ట్యాంకు నిండా గాలి ఉంది.

ఇది బాగా గుర్తుపెట్టుకోండి. ముల్లు సున్నాకి దిగింది అని నమ్మాలంటే, అది లేవడం మీరు మీ కళ్ళతో చూసి ఉండాలి. లేవడం చూడని ముల్లును నమ్మకండి. మూత ఒక్క మర తిప్పి, మొహం పక్కకి పెట్టి, గాలి చప్పుడు వినండి. ఇది ఏ పుస్తకంలోనైనా ఉందో లేదో నాకు తెలియదు. సూరిబాబుకి నేను చెప్పినదాంట్లో మాత్రం లేదు. అప్పటికి నాకు తెలిసినంత చెప్పాను, అది వాడు అక్షరం పొల్లుపోకుండా చేశాడు.

అమలాపురం ఆసుపత్రిలో చూసి కాకినాడ పంపేశారు. ఒక కన్ను పూర్తిగా పోయింది. రెండో దాంట్లో వెలుగు వచ్చిందో లేదో మాత్రం తెలుస్తుంది. వేళ్ళ మీద చర్మం ముడతలు పడి అతుక్కుపోయింది. నేను వెళ్ళేసరికి మొహం నిండా కట్లు. నా గొంతు గుర్తుపట్టి మొదట అన్న మాట ఇది.

"ముల్లు సున్నా మీదే ఉందండి బాబాయిగారూ. నేను చూసేనండి. ఆగేనండి కూడాను."

"తెలుసురా."

"కాదండి, ఓనరుగారు నమ్మట్లేదండి. గాలుండగా విప్పేశానంటన్నారండి. నిద్రమొహంతో ఉన్నానంటన్నారండి."

నొప్పి గురించి ఒక్క మాట అనలేదు. కళ్ళు వస్తాయా అని అడగలేదు. నేను ఉన్నంత సేపూ అదే మాట, ముల్లు సున్నా మీద ఉందండీ అని. అతని భార్య మంగ వరండాలోకి వచ్చి చెప్పింది. "రాత్రిళ్ళు కూడా అదే కలవరింతండి మావయ్యగారూ. ఆ మాట ఒక్కటి ఎవరైనా నిజవేరా అంటే ఈయనకి నిద్దరొస్తదండి."

నాగేశ్వర్రావు గారు ఆసుపత్రి మెట్ల మీద కనిపించారు. కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. అవి దొంగ కన్నీళ్ళని నేను అనను. కన్నీళ్ళు తుడుచుకుని, అదే మర్యాదతో అన్నారు.

"మనలో మాటండీ ప్రభాకరం గారూ. మెషిను మీ చేతుల మీదుగా వచ్చింది. మూత వాడి చేతుల మీదుగా ఊడింది. తప్పు మీదా, వాడిదా? మీరే చెప్పండి. మీరు ఏదంటే అదే అనుకుందాం."

మూడో దారి లేదు ఆయన లెక్కలో.

కాటా మీద

మర్నాడే మంగ ఫోను చేసింది. మెషిను కడగడానికి తణుకు నుంచి ఎవరో మెకానిక్కు వస్తున్నాడని మిల్లులో చెప్పుకుంటున్నారట. కడిగేస్తే ఇంక ఏమీ మిగలదు. నేను బస్సు దిగి సూటిగా మిల్లుకి వెళ్ళాను. గేజీ గొట్టం విప్పి చూడాలి, పది మంది ముందు విప్పుతాను అన్నాను. వద్దన్నారు. గేటు లోపల లారీలు తూచే కాటా ఉంది. దాని మధ్యలో కూర్చున్నాను.

గుమస్తా వచ్చాడు. "లెగండి మేస్త్రి గారూ, లారీ రావాలి."

"రానీ. నా మీదుగా రానీ."

"మీ బరువు తీసేసి రాసుకుంటాం లెండి" అని నవ్వాడు. కాసేపటికి నవ్వు పోయింది. గేటు బయట లారీలు బారు తీరాయి. డ్రైవర్లు హారన్లు కొట్టి, కొట్టి, దిగి వచ్చి ఏమిటని అడిగారు. అడిగిన ప్రతివాడికీ చెప్పాను, సూరిబాబు అనేవాడు ముల్లు చూసే మూత విప్పాడు, అది అబద్ధమని వీళ్ళు అంటున్నారు అని. ఎండ నెత్తి మీదకి వచ్చింది. కాటా ఇనప రేకు కాలిపోతోంది. కుర్చీ వెయ్యమని ఎవరికీ తోచలేదు. మంచినీళ్ళు ఒక డ్రైవరు తెచ్చిచ్చాడు.

నాగేశ్వర్రావు గారు వచ్చి బతిమాలారు. తర్వాత వాళ్ళిద్దరి భాష మారింది. ఏకవచనం వచ్చింది. ఆ మాటలు రాయను, మర్చిపోనూ లేదు. ఆ కేకలకి సుభద్రమ్మ గారు ఇంట్లోంచి మిల్లులోకి వచ్చారు.

"ఏం కావాలిట అతనికి?" అని అడిగారు కొడుకుని.

"గేజీ గొట్టం విప్పుతాట్టమ్మా."

"విప్పితే ఏం పోయింది? విప్పనీ."

గొట్టం

డ్రైవర్లు, బస్తాలు మోసేవాళ్ళు, గుమస్తా అందరూ చుట్టూ చేరారు. రెండు చివర్లా నట్లు విప్పి గొట్టం బయటికి తీశాను. జానెడు రాగి గొట్టం. నోట్లో పెట్టుకుని ఊదాను. గాలి పోలేదు. దవడలు నొప్పి పుట్టేదాకా ఊదాను. పోలేదు. పంచె చెంగుతో తుడిచి నాగేశ్వర్రావు గారికి అందించాను.

"మీరూ ఊదండి."

ఆయన చేతులు వెనక్కి పెట్టుకున్నారు. "నేనెందుకండీ ఊదడం. నూనె, ఎంగిలీను."

"పోనీ తుడుచుకునే ఊదండి. కొత్త తువ్వాలు తెప్పించుకోండి."

"ఆ రోజు చిందిన నూనె గడ్డకట్టి ఉంటుంది లెండి అందులో. దాన్ని పట్టుకుని ఏదో అంటారేంటి."

చిందిన నూనె పైకి చిందింది, గొట్టంలోకి ఎలా వెళుతుంది? ఆయనకీ తెలుసు అది. నేను చెయ్యి చాపి అలాగే నిలబడ్డాను. నా చేతిలోంచి గొట్టం తీసుకున్నది సుభద్రమ్మ గారు. పెదాల మధ్య పెట్టుకుని ఊదారు. బుగ్గలు పొంగాయి, మెడ నరాలు లేచాయి. మళ్ళీ ఊదారు. గొట్టం దించి, వేలితో చివర తడిమి, వేలికి అంటిన జిగురు చూసుకున్నారు.

"ఒరే నాగేశం" అన్నారు. "వాడు నిజమే చెప్పేడురా."

ఆ వేలు నా ముందు పెట్టారు.

"ఏవిటి నాయనా ఇది?" అని నన్ను అడిగారు.

"మీరు పోసిన తోడండి" అన్నాను.

అలా అనకుండా ఉండవలసింది అని తర్వాత చాలామంది చెప్పారు. ముసలావిడ, ఆవిడకేం తెలుసు అన్నారు. ఆవిడ అడిగింది, నేను చెప్పాను. అడిగినవాళ్ళకి అబద్ధం చెప్పేటట్టయితే అంతసేపు ఎండలో కూర్చోవడం దేనికి? ఆవిడ గోడ పట్టుకుని నిలబడ్డారు. గొట్టం నాకు తిరిగి ఇచ్చేశారు. ఇంట్లోకి వెళ్ళిపోయారు. ఆవిడ మీద నాకు కోపం పోయిందని చెప్పను. కానీ ఆవిడ ఊదారు.

సూరిబాబుని మళ్ళీ పనిలోకి పిలవలేదు. కళ్ళు లేనివాడికి మిల్లులో ఏం పని అన్నారు. తప్పు అతనిది కాదు అన్న మాట నాగేశ్వర్రావు గారు ఎక్కడా అనలేదు. తప్పు అతనిది అనడం మాత్రం మానేశారు. ఆ మిల్లులో తోడు పొయ్యడం ఉందో పోయిందో నాకు తెలియదు. అప్పటి నుంచి ఆ గేటు దాటలేదు. చుట్టుపక్కల మిల్లులవాళ్ళు కూడా నన్ను పిలవడం తగ్గించారు. కాటా మీద కూర్చునేవాణ్ణి ఎవరు పిలుస్తారు?

మీకు చెప్పేది ఇది. నూనె మార్చినప్పుడు పాతది మీరే దగ్గరుండి పారబోయించండి. ఇంకొకరి డబ్బా అని మొహమాట పడకండి. ఆఖరి చుక్క దాకా కొత్త నూనె మీ చేత్తోనే పొయ్యండి. ఫోటో తీసుకుంటారు, పక్కకి జరగమంటారు. జరగకండి. ఆ ఇంట్లో, ఆ మిల్లులో నూనెతో ఏమేం అలవాట్లున్నాయో ముందే అడగండి. ఓనరుని అడిగితే చెప్పడు. మెషిను దగ్గర ఉండే మనిషిని అడగండి.

ఆ గొట్టాన్ని శుభ్రం చెయ్యకుండా కాగితంలో చుట్టి, సూరిబాబు కాకినాడ నుంచి వచ్చాక ముక్తేశ్వరం తీసుకెళ్ళాను. అరుగు మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో పెట్టాను. వేళ్ళతో తడిమాడు కానీ ఆ వేళ్ళకి ఇప్పుడు ఏదీ తెలియదు.

"ఏంటండిది?"

"గేజీ గొట్టం. ఊదు."

రెండు మణికట్ల మధ్య పట్టుకుని పెదాలకి ఆనించుకున్నాడు. ఊదాడు. మళ్ళీ ఊదాడు. ఆగి, తల ఒక పక్కకి వంచి, ఏదో వింటున్నట్టు కూర్చున్నాడు.

"పోవట్లేదండి బాబాయిగారూ."

"పోదు."

"మంగా" అని కేక వేశాడు. "ఇలా రా. నువ్వూ ఊదు."

ఆ గొట్టం ఇప్పటికీ అతని అరుగు మీద మేకుకు వేలాడుతూ ఉంటుంది. ఎవరొచ్చినా ముందు అది చేతికిచ్చి ఊదమంటాడు. పాలవాడు ఊదాడు, పక్కింటివాళ్ళు ఊదారు, గల్ఫు నుంచి సెలవుకొచ్చిన మేనల్లుడు ఊదాడు. ఊదినవాళ్ళు పోవట్లేదు అనేదాకా తిరిగి తీసుకోడు. నాగేశ్వర్రావు గారి కారు నెలలో రెండు మూడు సార్లు ఆ రోడ్డు మీదే వెళుతుంది. ఆ అరుగు దగ్గరికి వచ్చేసరికి అద్దం పైకి ఎక్కుతుందట. ఆయన ఒక్కరూ ఇంకా ఊదలేదు.